‘దియోతిసాల్వి’: ఆశీర్వచనమే నామధేయం

మధ్యయుగాల ఇటలీలో వ్యవహారంలో ఉండి, నేడు వ్యక్తినామంగా దాదాపు కనుమరుగైన పేర్లలో ‘దియోతిసాల్వి’ ఒకటి. ఒకే పదంలా కనిపించినా నిజానికి ఇది ఒక సంపూర్ణ వాక్యం. ‘దియో’ అనగా దేవుడు, ‘తి’ అనగా నిన్ను, ‘సాల్వి’ అనగా రక్షించుగాక. ‘దేవుడు నిన్ను రక్షించుగాక’ అని దీని భావం. మన ‘చిరంజీవి’లోనూ ఆశీస్సు ఉన్నది కాని, అది విశేషణం. ఇక్కడ కర్త, కర్మ, క్రియ మూడూ ఉన్నాయి. తెలుగులో ‘గాక’ చేసే పనిని ఇటాలియన్‌లో క్రియ చివరి అచ్చు నెరవేరుస్తుంది.

ఇటువంటి పేర్లను భాషావేత్తలు శుభాకాంక్షా నామాలుగా వర్గీకరించారు. బొనవెంతూరా (శుభమైన భాగ్యం), బెన్వెనూతో (స్వాగతం), దియోతల్లేవి (దేవుడు నిన్ను పెంచుగాక) అనేవి ఈ కోవలోనివే. పుట్టిన బిడ్డ పెరిగి పెద్దయ్యేదాకా బ్రతుకుతుందన్న భరోసా లేని కాలమది. పేరులోని ‘నిన్ను’ అనే సర్వనామం ఆ బిడ్డను ఉద్దేశించినదే. కనుక ఎవరు ఎప్పుడు పిలిచినా, ఆ పిలుపే ప్రార్థన అవుతుంది.

ఈ పేరుకు ప్రసిద్ధమైన శాసన సాక్ష్యం పీసా నగరంలో ఉన్నది. అక్కడి వాలు గోపురం ఉన్న ఆవరణలోనే వలయాకారపు బాప్తిస్మ మందిరం కలదు. దాని నిర్మాణ సూత్రధారి దియోతిసాల్వి అని లోపలి శాసనం తెలుపుతున్నది. శంకుస్థాపన 1153 ఆగస్టులో జరిగినట్లు అక్కడ చెక్కబడింది. ఆనాటి పీసావాసులకు సంవత్సరం మార్చి 25న, మన లెక్కకంటే తొమ్మిది నెలలు ముందుగా ఆరంభమయ్యేది. కనుక అది మన గణనలో 1152 అవుతుంది. నగరంలోని సాంతో సెపోల్క్రో చర్చి గంటల గోపురం మీద కూడా ఇతని పేరు కనిపిస్తుంది. వాలు గోపురాన్ని రూపొందించినవాడు సైతం ఇతడేనని కొందరు పరిశోధకుల అభిప్రాయం.

భాషాచరిత్ర దృష్ట్యా ఈ శాసనంలో గమనింపదగిన విశేషం ఒకటున్నది. శాసనం లాటిన్‌లో ఉన్నది. లాటిన్‌లో ఇదే ఆశీస్సు చెప్పాలంటే ‘దేవుస్ తే సాల్వెత్’ అనవలసి ఉంటుంది. కాని శాసనంలో ఉన్నది ‘దేయోతిసాల్వి’. మొదటి భాగం లాటిన్‌ను పోలి ఉన్నా, ‘తి సాల్వి’ మాత్రం జనుల వాడుకమాటే. వాడుకభాషలో వ్రాసిన కావ్యాలు ఇటలీలో 13వ శతాబ్దిలో గాని వికసించలేదు. అంతకుముందే సామాన్యుల పలుకు ఒక పేరు రూపంలో పండితభాష నడుమ శిలాక్షరమైంది. పైగా శిశువులు బాప్తిస్మంతో తమ పేరు పొందే మందిరంలోనే ఆ ప్రార్థన నిలిచి ఉండటం విశేషం.

తరువాతి కాలంలో ఈ పేరు ధరించినవారిలో ఇద్దరు ముఖ్యులు. 13వ శతాబ్ది ఉత్తరార్ధంలో సియేనా నగర ఖజానా లెక్కల పుస్తకాల అట్టలకు చిత్రాలు వేసిన దియోతిసాల్వి ది స్పేమె ఒకరు. స్పేమె అనగా ఆశ. రెండవవారు 1466లో పియెరో దె మేదిచికి ఎదురుతిరిగి, విఫలుడై, ఫ్లోరెన్స్ నుండి బహిష్కృతుడైన రాజకీయవేత్త దియోతిసాల్వి నెరోని.

13వ శతాబ్ది నుండి జొవాన్ని, ఫ్రాంచెస్కో, ఆంతోనియో వంటి పునీతుల పేర్లు క్రమంగా వ్యాపించి ఆశీర్వచన నామాలను వెనుకకు నెట్టాయి. ట్రెంట్ మహాసభ ఆదేశానుసారం 1566లో వెలువడిన ధర్మబోధ గ్రంథం, శిశువుకు పునీతుల పేరే పెట్టాలని ఉపదేశించి ఆ ధోరణిని బలపరచింది. అయితే తండ్రి పేరు కుటుంబనామంగా స్థిరపడే ఆచారం వల్ల ఈ కోవలోని కొన్ని పేర్లు ఇంటిపేర్లుగా మిగిలాయి. దియోతల్లేవి నేటికీ ఇటలీలో ఇంటిపేరే. ఉంబెర్తో ఎకో 1988లో ప్రచురించిన ‘ఫూకో లోలకం’ నవలలో ఒక ముఖ్యపాత్ర పేరు కూడా అదే.