మీటరు మీద పడని పది దిర్హాములు

బండి ఇంకా కదలలేదు. మీటరు మీద అప్పుడే 25 పడి ఉంది.

2019, సంక్రాంతి దాటిన వారం. దుబాయ్ ఎయిర్‌పోర్టు టెర్మినల్ 3 బయట ట్యాక్సీల లైను. రెంజల్ నుంచి బోధన్, అక్కడి నుంచి నిజామాబాద్, ఆపైన శంషాబాద్ మీదుగా వచ్చిన పెద్దమనిషి డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, ఆ అంకె వైపే చూస్తున్నాడు.

"క్యా భాయ్, గాడీ హిలీచ్ నై, పచ్చీస్ కైకూ?"

డ్రైవరు పెషావర్ వాడు. బోధన్ ఉర్దూ వినగానే నవ్వాడు. ఎయిర్‌పోర్టులో ఎక్కితే మొదలే 25 దిర్హాములని, రోడ్డు మీద చెయ్యెత్తి ఆపితే పగటిపూట అయిదే అని చెప్పాడు. "సర్కారీ రేట్ హై, చాచా."

పెద్దమనిషికి నమ్మకం కుదరలేదు. కుదరకపోవడంలో వింత కూడా లేదు. ఆయన ఉద్యోగమంతా శక్కర్‌నగర్‌లో, నిజాం షుగర్ ఫ్యాక్టరీ కాంటా దగ్గరే గడిచింది. సీజన్ మొదలైతే రెంజల్, ఎడపల్లి, సాలూర నుంచి చెరకు బండ్లు గేటు బయట బారులు తీరేవి. నిండు బండి తూచి, చెరకు దించాక ఖాళీ బండి మళ్లీ తూచి, తేడా రాసి చీటీ ఇవ్వాలి. ఆ చీటీ మీద కొట్లాడని రైతు ఉండడు. ఖాళీ బండి బరువెంతో తెలియకుండా ఏ అంకెనూ ఒప్పుకోని మనిషాయన.

పేరు రాయడం లేదు. రెంజల్ వైపు ఇట్లాంటి తండ్రులు ఏ వాడకు పోయినా కనిపిస్తారు. ఇక్కడి మాటలు కూర్చినవి, రేట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ ఆ ఫ్యాక్టరీకి 2015 డిసెంబరులో తాళం పడింది. ఊళ్లో పిల్లలు గల్ఫ్ బాట పట్టడం అంతకు ఎంతో ముందే మొదలైంది. ఈయన కొడుకు అల్ బర్షాలో ఒక కంపెనీలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్. ఆ రోజు సెలవు దొరకలేదు. ఫోన్లోనే అన్నీ అప్పజెప్పాడు: "బాపూ, బయటికి రాంగనే లైన్ల నిలబడు. మీగడ రంగు బండి, మీద ఎర్ర టోపు. నల్ల బండెక్కకు, దానికి ఎక్కువైతది. మీటరు మీద ఎంత పడ్తె గంతే ఇయ్యి. టిప్పు గిప్పు ఏమొద్దు."

గర్హూద్ వంతెన దగ్గర మీటరు ఒక్కసారిగా నాలుగు ఎగిరింది. పెద్దమనిషి కూడా సీట్లో ఎగిరాడు. సాలిక్ అన్నాడు డ్రైవరు. టోల్ గేటే, కానీ గేటూ లేదు, చీటీ ఇచ్చే మనిషీ లేడు, బండి ఆగే పనీ లేదు. 2007లో మొదలైంది. షేక్ జాయెద్ రోడ్డెక్కాక అల్ సఫా దగ్గర ఇంకో నాలుగు. రెండోసారి అడగలేదు. వేలు మడిచి లెక్క పెట్టుకున్నాడంతే.

అప్పుడు అసలు ప్రశ్న వేశాడు. కాంటా దగ్గర పనిచేసినవాడే వేయగల ప్రశ్న.

"ఇస్ మే తుమారా కిత్తా?"

ఇందులో నీదెంత అని. జీతమంటూ వేరే లేదు, మీటరు మీద పడ్డదాంట్లో వాటానే జీతం అన్నాడు డ్రైవరు. పన్నెండు గంటల షిఫ్టు. ఎయిర్‌పోర్టు లైన్లో నిలబడ్డ సేపు మీటరు తిరగదు, అంటే సంపాదన లేదు. ఫైను పడితే తనకే. మరి టిప్పో? అది మీటరెక్కదు కాబట్టి పూర్తిగా తనదే. అడిగితే చెప్పాడు, తనంతట తాను చెయ్యి చాపలేదు. మిగతా దారంతా ఇద్దరూ గోధుమల ధర గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నారు.

అల్ బర్షాలో బండి ఆగేసరికి 81. అప్పటి రేటు ప్రకారం పదిహేను వందల రూపాయల పైచిలుకు. పెద్దమనిషి వంద నోటిచ్చాడు. డ్రైవరు రసీదు చింపి, పందొమ్మిదీ లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. పెద్దమనిషి రసీదు చదివాడు. మడిచి జేబులో పెట్టాడు. పది నోటు వెనక్కిచ్చి, తొమ్మిది ఉంచుకున్నాడు.

సాయంత్రం కొడుకు తల పట్టుకున్నాడు. "రెండొందలు ఉత్తగనే ఇచ్చినవా బాపూ?"

"ఉత్తగ ఎట్లయితది? మీటరుది కంపెనీకి పాయె. వానికేం మిగిలె?"

నన్నడిగితే ఇద్దరిలో తప్పు ఎవరిదీ కాదు. దుబాయ్‌లో టిప్పు ఇచ్చి తీరాలన్న నియమం లేదు. మీటరు 81 అయితే 85 చేసి దిగిపోయేవాళ్లే ఎక్కువ. ఏమీ ఇవ్వకపోయినా ఎవరూ మొహం మాడ్చుకోరు. అమెరికాలో మాత్రం కొడుకు లెక్క చెల్లదు. అక్కడ ట్యాక్సీ మీద 15 నుంచి 20 శాతం మామూలు. న్యూయార్క్ జేఎఫ్‌కే నుంచి మన్‌హాటన్‌కు 70 డాలర్ల స్థిర చార్జీ ఉంది కదా, అంతే ఇద్దామనుకుంటే పొరపాటు. టోలు, సర్‌చార్జీలు, టిప్పు దానికి అదనం. మనవళ్లను చూడ్డానికి డల్లాస్ పోయినా ఆనవాయితీ అదే. జపాన్‌లో తండ్రి లెక్క చెల్లదు. అదనంగా ఇచ్చిన నోటు పట్టుకుని డ్రైవరు వెనకాలే పరుగెత్తుకు రావచ్చు.

అయితే మీటరు చూడ్డం, ప్రశ్న అడగడం, రసీదు తీసుకోవడం, ఈ మూడింట్లో పెద్దమనిషి చేసిందే రైటు. డబ్బు మీద అనుమానముంటే దిగాక గొణుక్కోవడం కాదు, దిగకముందే అడగాలి. దుబాయ్‌లో రవాణా సంస్థ నంబరు 800 9090. ఫిర్యాదు చేయాలన్నా, మరిచిపోయిన బ్యాగు దొరకాలన్నా అదే దిక్కు. 2025 నుంచి రద్దీ వేళల్లో సాలిక్ నాలుగు కాదు, ఆరు. పాత లెక్క పట్టుకుని డ్రైవరుతో తగువు పెట్టుకోవద్దు.

అమ్మానాన్నలను ఒంటరిగా విమానం ఎక్కించే పిల్లలకు ఒక్క మాట. టికెట్టు, వీసా కాగితాలతో పాటు నాలుగు చిన్న నోట్లు కూడా వాళ్ల జేబులో పెట్టండి. అయిదులు, పదులు. ఇవ్వాలో వద్దో వాళ్లు చూసుకుంటారు.