నలుగుపిండి మొదలు నేపాళపు నూనె వరకు

పెండ్లికి ముందు వధువునకు నలుగు పెట్టుట మన తెలుగువారి ఇండ్లలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. తమిళదేశమునను, కన్నడ సీమలోను, ఒడిస్సాలోను, మహారాష్ట్రమునను స్థిరపడిన మన కుటుంబములు మాటలో యాస మార్చుకొన్నను ఈ ఆచారమును విడువలేదు. నూనె అంటి, సెనగపిండియు పసుపును కలిపి ఒడలు రుద్దినచో పైనున్న మృతకణములు కొన్ని రాలి చర్మము నునుపెక్కును. అయితే నేడు పట్టణములలో నలుగుతోబాటు మరియొక మాట వినవచ్చుచున్నది. అది 'కెమికల్ పీల్', అనగా ఆమ్లము పూసి చర్మపు పైపొరను ఊడదీయు చికిత్స. మా బంధువులలో ఒక కన్యకకు వివాహమునకు ముందు ఒక అలంకరణశాలలో ఘాటైన ఆమ్లమేదో పూసిరి. రెండు వారములలో బుగ్గలపై నల్లని మచ్చలు దేలినవి. అవి మాయుటకు నెలలు పట్టినది. ఈ చికిత్స ఎక్కడ పుట్టినది, ఎట్టివారి చర్మము నుద్దేశించి పెరిగినది అను సంగతి ముందుగా తెలిసియుండినచో ఆ తల్లిదండ్రులు అంత తొందరపడియుండరు. కావుననే దీని చరిత్రను సంగ్రహముగా విన్నవింప సాహసించుచున్నాను.

ముందుగా చర్మమును గూర్చి రెండు మాటలు. మన చర్మమున పైన బాహ్యచర్మము, దాని క్రింద అంతశ్చర్మము కలవు. బాహ్యచర్మపు అడుగున పుట్టిన కణములు క్రమముగా పైకి వచ్చి, నిర్జీవములై రాలిపోవును. ఇందుకు రమారమి నాలుగు వారములు పట్టును. రంగునిచ్చు మెలనిన్ అను పదార్థమును పుట్టించు కణములు ఈ అడుగు వరుసలోనే యుండును. ఆమ్లము పైకణములను బలవంతముగా రాల్చగా, గాయపడిన చర్మము తనంతట తాను క్రొత్తపొరను నిర్మించుకొనును. ఈ చికిత్సలోని మర్మమంతయు ఇదియే. గాయము ఎంత లోతుగా చేయవలెనో తెలియుటయే వైద్యుని నేర్పు.

ఇట్టి ప్రయత్నము మిక్కిలి ప్రాచీనమైనది. క్రీ.పూ. 1550 ప్రాంతమునాటి ఈజిప్టు వైద్యగ్రంథమైన ఎబర్స్ పాపిరస్‌లో చర్మమును చక్కజేయు లేపనములు పెక్కు కలవు. పులిసిన పాలతో స్నానమాడిన రాణుల కథలు కూడ లోకమున ప్రచారమందున్నవి. కథల మాట యెట్లున్నను, పులిసిన పాలలో లాక్టిక్ ఆమ్లము కలదని 1780లో స్వీడన్ దేశపు రసాయనవేత్త షీలే నిరూపించెను.

శాస్త్రీయముగా ఈ చికిత్సకు పునాది పడినది పందొమ్మిదవ శతాబ్దమున. 1834లో జర్మనీ రసాయనవేత్త రూంగే బొగ్గుతారునుండి కార్బాలిక్ ఆమ్లమును, అనగా ఫినాల్‌ను, వేరుచేసెను. అటుపిమ్మట కొలది యేండ్లకే సాలిసిలిక్ ఆమ్లము, ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లము వెలుగులోనికి వచ్చినవి. వియన్నా నగరమున చర్మవైద్యమునకు ఆచార్యుడైన ఫెర్డినాండ్ ఫాన్ హెబ్రా ముఖముపై మచ్చలను, మంగును పోగొట్టుటకు ఘాటైన ద్రావకములను ప్రయోగించెను. 1882లో హాంబర్గు వైద్యుడు పాల్ గెర్సన్ ఊనా సాలిసిలిక్ ఆమ్లము, రిసార్సినాల్, ఫినాల్, ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లము చర్మముపై ఎట్లు పనిచేయునో వివరించెను. నేటికిని వైద్యులు వాడునవి చాలవరకు ఈ పదార్థములే.

అమెరికాలో న్యూయార్కు వైద్యుడు జార్జి మెకీ 1903 నుండియే మొటిమల గుంటలకు ఫినాల్ వాడుచుండెను. కాని తన అనుభవమును 1952లో గాని ప్రకటింపలేదు. ఈ నడుమ కాలమున ఈ విద్య వైద్యులకంటె వైద్యులు కానివారి చేతులలోనే వర్ధిల్లినది. లాస్ ఏంజెలెస్, మయామీ నగరములలో కొందరు తమ సూత్రములను రహస్యముగా దాచుకొని సంపన్నుల ముఖముల ముడుతలను మాన్పుచుండిరి. తుదకు మయామీ శస్త్రవైద్యుడు థామస్ బేకర్ 1961లో ఒక సూత్రమును బహిరంగముగా ప్రకటించెను. ఆయన పేరును, సహచరుడైన హోవర్డ్ గోర్డన్ పేరును కలిపి దానిని బేకర్-గోర్డన్ సూత్రమందురు. అందు ఫినాల్ 3 మిల్లీలీటర్లు, నీరు 2 మిల్లీలీటర్లు, ద్రవసబ్బు 8 చుక్కలు, క్రోటన్ నూనె 3 చుక్కలు.

ఈ క్రోటన్ నూనె యనగా ఏమి? అది మన వైద్యులు విరేచనమునకై శుద్ధిచేసి వాడుచు వచ్చిన నేపాళపు గింజల నూనెయే! చర్మమునకు తగిలినంతనే బొబ్బలెక్కించు ఈ నూనె కేవలము తోడు ద్రవ్యమని, అసలు పని ఫినాల్‌దేనని వైద్యులు సుమారు నలుబది యేండ్లు తలచిరి. 2000లో గ్రెగరీ హెట్టర్ అను అమెరికా శస్త్రవైద్యుడు ఈ అభిప్రాయమును తారుమారు చేసెను. గాయపు లోతును ముఖ్యముగా నిర్ణయించునది ఆ చుక్కల నూనె పరిమాణమేయని ఆయన చూపెను. మూడు చుక్కలని తేలికగా చూచినదే ప్రధానమైనది. ఫినాల్ నిరపాయకరమని దీని భావము కాదు. అది చర్మముగుండ రక్తములో చేరి గుండె లయను తప్పించగలదు. అందుచేతనే ముఖమంతయు ఒకేసారి పూయక, భాగములుగా, నడుమ విరామమిచ్చుచు, గుండెను యంత్రముతో పరీక్షించుచు ఈ చికిత్స చేయుదురు.

ఇంతకంటె సౌమ్యమైన మార్గమును 1974లో యూజీన్ వాన్ స్కాట్, రూయీ యూ అనువారు చూపిరి. చేపపొలుసులవలె చర్మము పెచ్చులు గట్టు రోగమునకు ఆల్ఫా హైడ్రాక్సీ ఆమ్లములు మేలుచేయునని వారు కనుగొనిరి. ఈ వర్గమువి మనకు అపరిచితములు కావు. చెరకులో గ్లైకాలిక్ ఆమ్లము, పెరుగులో లాక్టిక్ ఆమ్లము, మన చింతపండులో టార్టారిక్ ఆమ్లము కలవు. అయినను చింతపండు గుజ్జును, నిమ్మరసమును ముఖమునకు పులుముట ఇందుకు బదులు కాజాలదు. వైద్యుడు వాడు ద్రావణమునకు కొలత, కాలము, విరుగుడు ఉన్నవి. గ్లైకాలిక్ ఆమ్లమును నియమిత నిమిషములలో సోడా ద్రావణముతో గాని నీటితో గాని ఆపవలెను.

ఇక మనవారు ముఖ్యముగా గుర్తింపవలసిన విషయమొకటి కలదు. ఈ చికిత్సలు చాలవరకు తెల్లని చర్మముగల దేశములలో, తెల్లని చర్మముపైననే పెరిగినవి. 1975లో హార్వర్డ్ ఆచార్యుడు ఫిట్జ్‌పాట్రిక్ చర్మమును ఎండకు కందు తీరునుబట్టి తరగతులుగా విభజించినప్పుడు తొలుత ఎంచుకొన్నవి కూడ తెల్లని చర్మములే. గోధుమవన్నె, నల్లని చర్మములు తరువాత చేర్చబడినవి. మన చర్మమున మెలనిన్ కణములు చురుకైనవి. అవి ఎండనుండి మనలను కాపాడును. కాని గాయము తగిలినచో అవియే అధికముగా రంగును పుట్టించి మచ్చలు మిగుల్చును. కావున బాహ్యచర్మము దాటని తేలిక చికిత్సలే మనకు తగినవి. అంతశ్చర్మపు పైభాగము వరకు పోవు మధ్యమ చికిత్సలకు మిక్కిలి జాగరూకత కావలెను. ఫినాల్ వంటి లోతు చికిత్సలను మనవారికి చేయుటకు వైద్యులు సాధారణముగా సమ్మతింపరు. చికిత్స చేయించుకొన్నవారు ఎండను తప్పించుకొనవలెను, రేగిన పొరను గిల్లరాదు. గర్భిణులు, ముఖమున సర్పి లేచు అలవాటుగలవారు ఆ సంగతి ముందుగనే వైద్యునికి చెప్పవలెను.

మొటిమల మచ్చలకు, మంగుకు ఈ చికిత్స యొక వరమే. దానిని నిందించుట నా అభిమతము కాదు. కాని పుట్టుకతో వచ్చిన వన్నెను ఏ ఆమ్లమును శాశ్వతముగా మార్చజాలదు. మార్చవలసిన అవసరమును లేదు. చామనచాయ రోగము కాదు, దానికి మందును లేదు. ముహూర్తమునకు పది దినములముందు కన్యను ఆమ్లమునకు అప్పగించు తల్లిదండ్రులును, వన్నె చూచి సంబంధమును త్రోసిపుచ్చు పెద్దలును ఈ మాటను ఒక్కసారి ఆలోచింతురుగాక. నలుగు పెట్టిన మన పూర్వులు కోరినది పిల్ల ముఖమున కళ, రంగు కాదు. ఆ తారతమ్యమును మరువకుండుటయే మనకు శ్రేయస్కరము.