సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ కొన్నారా? ముందు ఎయిర్‌బ్యాగ్ లైటు చూడండి

సంగం జాగర్లమూడిలో అయినా తెనాలిలో అయినా పాత ఎస్‌యూవీ ఇంటికి రాగానే అందరి చేతులూ ఏసీ, పాటల మీదకే వెళ్తాయి. ముందు చూడాల్సింది ఎయిర్‌బ్యాగ్ లైటు. తాళం తిప్పగానే వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టే. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి. యాక్సిడెంట్‌లో తెరుచుకున్న బ్యాగు మార్చకుండా, లైటు పీకేసి అమ్మేవాళ్లూ ఉంటారు. పిల్లల్ని ఎక్కించే ముందే మెకానిక్ చేత స్కానర్ పెట్టించండి.

80 కిలోమీటర్ల వేగం దాటగానే వచ్చే బీప్ మాత్రం రిపేరు కాదు. 2019 జులై 1 నుంచి తయారయ్యే కార్లకు ఈ హెచ్చరిక తప్పనిసరి. 120 దాటితే మోత ఆగదు. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, రివర్స్ సెన్సర్లు కూడా ఆ నిబంధనలోవే.

గేరు పక్కన ఫోర్ బై ఫోర్ లివర్ గానీ, డాష్‌బోర్డు మీద దాని నాబ్ గానీ ఉంటే ‘ఫోర్ హై’, ‘ఫోర్ లో’ వానాకాలం నల్లమట్టి డొంకల కోసం. చాలా పాత బండ్లలో పొడి తారు రోడ్డు మీద అది వేసి మలుపులు తిప్పితే గేర్ల మీద ఒత్తిడి పడి పాడవుతాయి. గుంటూరు వెళ్లడానికి టూ వీల్ డ్రైవే చాలు.

టైర్లు ఎప్పటివో కూడా చూడండి. పక్కన 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారీ.