ఒక కంప్యూటర్, రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు: డ్యూయల్ బూటింగ్, వర్చువలైజేషన్ల చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• డ్యూయల్ బూటింగ్‌కూ, వర్చువలైజేషన్‌కూ గల తేడాను వివరించగలుగుతారు.
• ఈ రెండు పద్ధతులు ఏ అవసరాల నుంచి పుట్టాయో చెప్పగలుగుతారు.
• మీ కంప్యూటర్‌కు ఏది తగినదో కారణాలతో నిర్ణయించుకోగలుగుతారు.

1. పరిచయం

నగరిలో తిరుత్తణి బస్సెక్కితే కొద్దిసేపటికే రాష్ట్ర సరిహద్దు దాటుతాం. 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్, మద్రాసు రాష్ట్రాల సరిహద్దుల సవరణ అమలులోకి వచ్చి, అంతవరకు చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది. గీత మారింది కాని మనుషుల రాకపోకలు ఆగలేదు. నగరి బజారులో తెలుగులో మొదలైన బేరం తమిళంలో ముగియడం ఇప్పటికీ మామూలే. ఒకే మనిషి రెండు భాషలతో బతకడం ఈ ప్రాంతం వారికి కొత్త కాదు. ఒకే కంప్యూటర్ రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లతో పనిచేయడం ఎట్లా అన్నది ఈ పాఠంలోని విషయం.

సంప్రదింపు తరగతులకు నగరి వెళ్లినప్పుడు ఒక విద్యార్థిని నన్ను ఈ ప్రశ్న అడిగింది. ఆమె పగలు డీటీపీ కేంద్రంలో పెళ్లిపత్రికలు, కరపత్రాలు కూర్చుతూ డిగ్రీ చదువుతోంది. "సార్, నాకున్నది ఒకటే ల్యాప్‌టాప్. షాపు పనికి పాత విండోస్, పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉండాలి. చదువుకు లైనక్స్ కావాలి. షాపు ఫైళ్లన్నీ ఇందులోనే ఉన్నాయి. అవి పోతే నా ఉద్యోగమూ పోతుంది. ఏం చేయమంటారు?"

ఆమెకు వెంటనే జవాబు చెప్పలేదు. ముందు ఈ రెండు పద్ధతుల చరిత్ర చెప్పాను. ఏ పద్ధతి దేనికోసం పుట్టిందో తెలిస్తే, అది మనకు పనికివస్తుందో లేదో తేల్చుకోవడం సులువు.

2. డ్యూయల్ బూటింగ్: పుట్టుక, పరిణామం

1983 మార్చిలో ఐబీఎం సంస్థ పీసీ ఎక్స్‌టీ అనే కంప్యూటర్‌ను విడుదల చేసింది. దానిలో 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్ ఉండేది. దానితోపాటు వచ్చిన డాస్ 2.0లో డిస్కును భాగాలుగా విభజించే ఏర్పాటు చేశారు. ఈ భాగాలనే పార్టిషన్లు అంటాం. డిస్కు మొదట్లోనే 512 బైట్ల చిన్న జాగాలో ఏ పార్టిషన్ ఎక్కడ మొదలవుతుందో రాసి ఉంటుంది. దీనికి మాస్టర్ బూట్ రికార్డ్ అని పేరు. అందులో నాలుగు పార్టిషన్ల వివరాలకే చోటు ఉంది. కంప్యూటర్ ఆన్ చేయగానే వాటిలో 'యాక్టివ్' అని గుర్తు పెట్టిన పార్టిషన్ నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ మొదలవుతుంది.

డ్యూయల్ బూటింగ్‌కు పునాది ఇదే. ఒక పార్టిషన్‌లో ఒక సిస్టమ్, మరొకదానిలో ఇంకొకటి ఉంచవచ్చు. ఏది మొదలు కావాలో అడిగే చిన్న ప్రోగ్రామ్ ఉంటే చాలు. 1991లో లైనక్స్ వచ్చాక ఆ అవసరం బాగా పెరిగింది. కొత్తగా లైనక్స్ నేర్చుకునేవారిలో చాలామంది తమ డాస్‌నో, విండోస్‌నో వదులుకునే స్థితిలో లేరు. 1990ల తొలినాళ్లలో వచ్చిన లిలో, 1995లో ఎరిక్ బోలిన్ మొదలుపెట్టిన గ్రబ్ ఈ ఎంపిక పనిని చేపట్టాయి. నేటికీ చాలా లైనక్స్ కంప్యూటర్లలో మొదట కనిపించే జాబితా గ్రబ్‌దే.

నగరి మరమగ్గాల ఊరు గనుక ఈ పద్ధతిని మగ్గంతో పోల్చి చూడండి. మగ్గం ఒకటే. ఒక రకం పడుగు దించితేనే ఇంకో రకం పడుగు ఎక్కుతుంది. ఎక్కినదానికి మగ్గం బలమంతా దక్కుతుంది. అయితే మార్చిన ప్రతిసారీ పని ఆగుతుంది. డ్యూయల్ బూటింగ్‌లో లాభమూ నష్టమూ ఇవే. నడుస్తున్న సిస్టమ్‌కు మెమరీ, ప్రాసెసర్ మొత్తం దొరుకుతాయి. రెండోది కావాలంటే కంప్యూటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేయాలి.

సరిహద్దుకు అవతల దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. తమిళనాడు ప్రభుత్వం 2011 సెప్టెంబరు 15న విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌ల పథకం ప్రారంభించింది. తొలి విడతల ల్యాప్‌టాప్‌లలో విండోస్‌తోపాటు బాస్ లైనక్స్ కూడా ఉంచారు. బాస్ మన దేశంలో సీడాక్ సంస్థ తయారుచేసినది. తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో పనిచేస్తుంది. తిరుత్తణి వైపు చదివిన మీ బంధువుల ఇళ్లలో ఆ ల్యాప్‌టాప్ మీరు చూసే ఉంటారు. అక్కడ డ్యూయల్ బూటింగే ఎందుకు తగినదో ఊహించడం కష్టం కాదు. మెమరీ తక్కువగా ఉండే చవక యంత్రంపై రెండు సిస్టమ్‌లను ఏకకాలంలో నడపడం భారమవుతుంది.

3. వర్చువలైజేషన్: పుట్టుక, పరిణామం

వర్చువలైజేషన్ కొత్తదని మీరు అనుకోవచ్చు. నిజానికి అది డ్యూయల్ బూటింగ్ కంటే పాతది. 1964లో అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ఐబీఎం పరిశోధకులు రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో ఒక ప్రయోగం తలపెట్టారు. అప్పటి కంప్యూటర్ ఒక గదంత ఉండేది, ధర చాలా ఎక్కువ. మనిషికొక యంత్రం ఇవ్వడం అసాధ్యం. అందుచేత ఒకే యంత్రాన్ని పలువురికి పంచుతూ, ప్రతి ఒక్కరికీ పూర్తి యంత్రం తన చేతిలోనే ఉన్నట్లు కనిపించేలా ఒక ప్రోగ్రామ్ రాశారు. సీపీ-40 అనే ఆ వ్యవస్థ 1967లో వాడుకలోకి వచ్చింది. దాని వారసత్వంగా 1972 ఆగస్టులో ఐబీఎం వీఎం/370ని ప్రకటించింది.

వీఎం/370 వాడినవారికి ఇంకో మేలు కూడా జరిగింది. పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడుపుకుంటూనే, అదే యంత్రంపై కొత్తదాన్ని పరీక్షించి, నెమ్మదిగా దానిలోకి మారగలిగారు. ఈ విషయం గుర్తుంచుకోండి. మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ ఈ విద్యకు సిద్ధాంతం చెప్పారు. వారి ప్రకారం మూడు లక్షణాలు ఉండాలి. ప్రోగ్రామ్ అసలు యంత్రంపై ఎట్లా నడుస్తుందో వర్చువల్ యంత్రంపైనా అట్లాగే నడవాలి. వనరులపై అదుపు పూర్తిగా పర్యవేక్షక ప్రోగ్రామ్ చేతిలోనే ఉండాలి. ఎక్కువ ఆదేశాలు ప్రాసెసర్‌పై నేరుగా నడవాలి.

మన ఇళ్లలోని పీసీల ప్రాసెసర్లు చాలాకాలం ఈ షరతులకు లొంగలేదు. వాటిలో కొన్ని ఆదేశాలు పర్యవేక్షకుడికి తెలియకుండానే జరిగిపోయేవి. 1998లో ఏర్పడిన వీఎంవేర్ సంస్థ, అటువంటి ఆదేశాలు రాగానే వాటిని మార్చి రాసే ఉపాయంతో 1999లో వర్క్‌స్టేషన్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ తమ ప్రాసెసర్లలోనే ఈ సదుపాయం కల్పించాయి. 2007లో వర్చువల్‌బాక్స్ ఉచితంగా అందుబాటులోకి వచ్చింది. అదే ఏడాది కేవీఎం లైనక్స్ కెర్నెల్‌లో భాగమైంది.

వర్చువలైజేషన్ ఇంట్లో ఒక వాటా అద్దెకిచ్చినట్లు ఉంటుంది. యజమాని సిస్టమ్ నడుస్తూనే ఉంటుంది. అతిథి సిస్టమ్ తనకిచ్చిన మెమరీలో, డిస్కుపై ఒక ఫైలుగా ఉంటుంది. అతిథి చెడిపోతే ఆ ఫైలు తీసివేసి మళ్లీ పెట్టుకోవచ్చు. యజమాని ఫైళ్లకు సాధారణంగా ముప్పు ఉండదు. అయితే ఇల్లు చిన్నదైతే ఇద్దరికీ ఇరుకే.

4. ఏది ఎంచుకోవాలి?

డ్యూయల్ బూటింగ్‌లో అసలు ప్రమాదం పార్టిషన్లు మార్చే క్షణంలో ఉంది. ఒకసారి నేనే తొందరపడి ఒక పార్టిషన్‌ను మరొకటిగా పొరబడి తుడిచివేశాను. కొన్నేళ్లపాటు తీసుకున్న శాసనాల ఫోటోలు పోయాయి. వాటిలో కొన్ని రాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లగలిగాను. కొన్నింటి దగ్గరికి వెళ్లలేకపోయాను. అందుకే చెబుతున్నాను: డిస్కును ముట్టుకునే ముందు మీ ఫైళ్ల నకలు వేరే డిస్కులో ఉండితీరాలి.

ఆ విద్యార్థినితో కలిసి మూడు ప్రశ్నలు వేసుకున్నాం. యంత్రంలో మెమరీ ఎంత? రెండు సిస్టమ్‌లు ఒకేసారి కావాలా, వేర్వేరు వేళల్లోనా? పొరపాటు జరిగితే పోయేదేమిటి? ఆమె ల్యాప్‌టాప్‌లో మెమరీ 4 జీబీ. పోయేది జీవనాధారం. లైనక్స్ పాఠాలకు తేలికైన రకం సరిపోతుంది. కనుక పార్టిషన్ల జోలికి పోకుండా, ఉన్న విండోస్‌లోనే ఒక తేలిక లైనక్స్‌ను వర్చువల్ యంత్రంగా పెట్టుకోమన్నాను. దానికి 1 జీబీ కేటాయిస్తే అభ్యాసాలకు చాలు.

రెండో మాట కూడా చెప్పాను. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. అను ఫాంట్లు యూనికోడ్‌కు ముందుతరం పద్ధతివి. విండోస్ ఎక్స్‌పీకి భద్రతా సవరణలు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. రేపు కొత్త యంత్రం కొన్నప్పుడు, లైసెన్సు ఉన్న పాత విండోస్‌ను వర్చువల్ యంత్రంలో, ఇంటర్నెట్ కలపకుండా ఉంచుకోవచ్చు. పాత పని ఆగదు, కొత్త పని యూనికోడ్‌లో చేసుకోవచ్చు. 1970లలో వీఎం/370 వాడినవారు చేసినదీ ఇదే.

అందరికీ ఇదే జవాబు కాదు. 2 జీబీ మెమరీ ఉన్న పాత యంత్రానికీ, గ్రాఫిక్స్ కార్డు బలమంతా అవసరమయ్యే పనికీ డ్యూయల్ బూటింగే మేలు. అప్పుడు కూడా ముందు నకలు, తరువాతే పార్టిషన్.

5. సారాంశం

డ్యూయల్ బూటింగ్ ఒక యంత్రాన్ని వంతులవారీగా వాడుకునే పద్ధతి. 1983 నాటి పార్టిషన్ ఏర్పాటు దానికి ఆధారం. వర్చువలైజేషన్ ఒక యంత్రాన్ని ఏకకాలంలో పంచుకునే పద్ధతి. ఖరీదైన యంత్రాన్ని పలువురికి అందించాలన్న 1960ల అవసరం దాని మూలం. మొదటిది వేగాన్ని కాపాడుతుంది, రెండోది మీ ఫైళ్లను, సమయాన్ని కాపాడుతుంది. మీకు ఏది కొరతగా ఉందో తెలుసుకుని ఎంచుకోండి.

6. మాదిరి ప్రశ్నలు

1. పార్టిషన్ ఏర్పాటు డ్యూయల్ బూటింగ్‌కు ఎట్లా ఆధారమైంది?
2. పోపెక్, గోల్డ్‌బర్గ్ చెప్పిన మూడు లక్షణాలను వివరించండి.
3. మీ కంప్యూటర్‌లోని మెమరీ, మీ అవసరాలు చూసుకుని, రెండు పద్ధతుల్లో ఏది ఎంచుకుంటారో కారణాలతో రాయండి.