కుట్టుపడవ కొలతలు: రాజ్యం ఏ నౌకను గుర్తుంచుకుంటుంది?

2025 మే 21న కార్వార్‌లో భారత నౌకాదళం ‘కౌండిన్య’ అనే తెరచాప నౌకను తన బలగంలో చేర్చుకొంది. అజంతా గుహలోని అయిదవ శతాబ్దపు చిత్రమే దానికి మూలం. ఆనాటి నక్షా ఏదీ మిగలలేదు. కేంద్ర సాంస్కృతిక శాఖ నిధులిచ్చింది. బాబు శంకరన్ నాయకత్వాన కేరళ పనివారు పలకలను కొబ్బరిపీచు తాళ్లతో కుట్టారు. మద్రాసు ఐఐటి సముద్ర ఇంజనీరింగు విభాగం నమూనాపై నీటి పరీక్షలు జరిపింది. గోడమీది బొమ్మ నుండి నమూనా, నమూనా నుండి నౌక. రాజధాని ఈ ఘనతను నాగరికతా పునరుజ్జీవనంగా చాటుకొంది. చాటుకోదగినదే. కాని కుట్టుపడవను వెదకుతూ అజంతా గోడల దాకా పోనక్కరలేని తీరం ఒకటి ఈ దేశంలో ఉంది. అది తెలుగువారి తీరం.

కోరమాండల్ తీరంలో చాలాచోట్ల సహజమైన రేవులు లేవు. ఓడలు దూరాన లంగరు వేసేవి. వాటికీ ఒడ్డుకూ నడుమ విరిగిపడే కెరటాలను దాటడానికి మేకులు కొట్టిన బిగువైన పడవ పనికిరాదు. ఇసుకను తాకిన మొదటి దెబ్బకే దాని అతుకులు విడిపోతాయి. అందుకు ఈ తీరపు పనివారు కనుగొన్న సమాధానమే, ఆంగ్లేయుల రికార్డులలో ‘మసులా’గా నమోదైన కుట్టుపడవ. దానికి పక్కటెముకల వంటి అడ్డకట్టెలు లేవు. పలకల అంచుల వెంబడి రంధ్రాలు తొలిచి, సందులో ఎండుగడ్డినో పీచునో కూరి, కొబ్బరితాటితో బిగించి కుట్టేవారు. కెరటం తాకినప్పుడు ఆ దేహం విరగదు, వంగుతుంది. పందొమ్మిదవ శతాబ్దం చివర మద్రాసు రేవు ఏర్పడేదాకా గవర్నరు అయినా, గుమాస్తా అయినా ఈ పడవ ఎక్కే ఒడ్డు చేరాలి. ఈ జాతి పడవే ఒడ్డు నుండి అలివి వలను సముద్రంలోకి మోసుకుపోయి వలయంగా విడిచేది. సామ్రాజ్యపు వాణిజ్యానికీ, జాలరి కూటికీ ఆధారం ఒకే పనితనం.

ట్రింకోమలీలో ఓడల నిర్మాణాధికారిగా ఉన్న జాన్ ఎడ్యి 1834లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఈ తీరాల పడవలను వర్ణించాడు. మసులా పడవ పొడవు 30 నుండి 35 అడుగులు, వెడల్పు 10 నుండి 11, లోతు 7 నుండి 8 అడుగులని ఆయన లెక్క. ఫ్రెంచి నావికాధికారి ఫ్రాంస్వా ఎడ్మండ్ పారిస్ ఇంకొక అడుగు ముందుకు వేశాడు. యూరప్ వెలుపలి జాతుల పడవలను తన సముద్రయాత్రలలో స్వయంగా కొలిచి, గీతచిత్రాలతో 1840ల తొలి సంవత్సరాలలో పెద్ద గ్రంథం వెలువరించాడు. కోరమాండల్ పడవలు అందులో ఉన్నాయి. 1871లో లూవ్ర్‌లోని నౌకాదళ ప్రదర్శనశాలకు అధిపతి అయ్యాక, ఆ కొలతల ఆధారంగానే నమూనాలు తయారు చేయించాడు. మూడు దశాబ్దాల పాటు కాగితం మీద ఉన్న గీత మళ్లీ కొయ్యగా మారింది. కొలత ఉన్నందువల్లనే అది సాధ్యపడింది.

నమూనాను మొదటి పలక నుండి స్వయంగా చెక్కేవారికి ఈ మాట విలువ బాగా తెలుసు. బజారులో దొరికే కిట్లలో అధికభాగం యూరప్ యుద్ధనౌకలవి. వాటి భాగాలు ముందే కోసి ఉంటాయి. మసులాకు ప్రతి పలకా చేతితో కోయవలసిందే. అడుగుకు అరంగుళం లెక్కన, అంటే 24వ వంతు స్కేలులో, 30 అడుగుల పడవ 15 అంగుళాలవుతుంది. 10 అడుగుల వెడల్పు 5 అంగుళాలవుతుంది. అంగుళం మందం గల పలక ఒక్క మిల్లీమీటరుకు దిగుతుంది. ఆ అంచున రంధ్రాలు తొలిచి దారంతో కుట్టాలి.

అసలు చిక్కు సూక్ష్మతలో లేదు, పని వరుసలో ఉంది. యూరప్ పద్ధతి నమూనాలో ముందు అడ్డచట్రాలు నిలిపి, వాటిపై పలకలు అతికిస్తారు. మసులాలో చట్రం లేదు. పలకల కూర్పే దేహం. నమూనాకారుడు అచ్చుచట్రం పెట్టుకున్నా, కుట్టు ముగిశాక దానిని తీసివేయాలి. జిగురు పూస్తే రూపం దక్కుతుంది, స్వభావం పోతుంది. రంధ్రానికీ రంధ్రానికీ ఎంత ఎడం, తాడు నిలువుగా పోయిందా ఏటవాలుగా పోయిందా, ముందు ఏ పలకను వంచారు అనే ప్రశ్నలకు దూరం నుండి గీసిన బొమ్మ జవాబివ్వదు. కొలతపట్టీ ఇస్తుంది, కుట్టిన చేయి ఇస్తుంది. అందుకే శ్రద్ధగా చేసిన నమూనా అలంకరణ వస్తువు కాదు, సాక్ష్యపత్రం.

తెప్పదీ అదే కథ. మద్రాసు మత్స్యశాఖకు డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో భారతీయ పడవల రూపాలపై వెలువరించిన అధ్యయనంలో, తమిళ తీరపు కట్టుమరాన్నీ గంజాం, విశాఖ తీరపు తెప్పనూ వేరు జాతులుగా గుర్తించాడు. కొన్ని దుంగలను జతపరచినట్లు కనిపించే ఆ సాధనంలో ప్రాంతానికొక శాస్త్రం ఉందన్నమాట. గత శతాబ్దపు చివరి దశాబ్దాలలో ఫైబర్ పడవలు రాగా కొయ్యతెప్పలు వెనుకబడ్డాయి. అందులో మత్స్యకారుని తప్పు లేదు. తేలికైనది, మన్నేది, మోటారు పెట్టగలిగినది అతడు ఎంచుకున్నాడు. జీవనం కోసం పాతదానిని విడిచే హక్కు అతనికి ఉంది. దానిని నమోదు చేయవలసిన బాధ్యత మాత్రం రాజ్యానిది.

రాజ్యం దేనిని గుర్తుంచుకుంటుందన్నది ఎప్పుడూ రాజకీయ ప్రశ్నే. యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు తెరచాపకొయ్యల ఓడను నాణెం మీద ముద్రించాడు; చేపల పడవకు ఆ గౌరవం దక్కలేదు. విశాఖ తీరాన 2002 నుండి కుర్సురా జలాంతర్గామి ప్రదర్శనశాలగా నిలిచి ఉంది. 2020లో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనకు 20,050 కోట్ల పెట్టుబడి ప్రకటించారు. ఆ పథకం దృష్టి ఉత్పత్తి మీద, ఎగుమతి మీద. ఓడరేవు, యుద్ధనౌక, ఎగుమతి లెక్క: ఈ మూడింటి నడుమ వాడబలిజల, జాలరుల, పల్లెకార్ల, అగ్నికుల క్షత్రియుల చేతిపని చరిత్రగా లెక్కకు రాదు. ప్రాచీనుడైన అనామక నావికుడు వారసత్వమవుతాడు. అతని విద్యను నిన్నటిదాకా మోసిన మనిషి లబ్ధిదారుల జాబితాలో ఒక అంకెగా మిగులుతాడు.

గుజరాత్‌లోని లోథాల్‌లో జాతీయ సముద్ర వారసత్వ సముదాయం రూపుదిద్దుకుంటున్నది. తీరరాష్ట్రాలకు అందులో ప్రదర్శనశాలల ప్రతిపాదన ఉంది. ఆంధ్రప్రదేశ్ అక్కడ ఫొటోలు, పటాలు మాత్రమే తగిలిస్తే చేతికందిన అవకాశం జారవిడిచినట్లే. కుట్టుపడవ, తెప్ప, కాకినాడ నావ: ఈ మూడింటిని కొలతలతో గీయించి, ఆ పని తెలిసిన వృద్ధ వడ్రంగులకు కూలి ఇచ్చి పక్కన కూర్చోబెట్టి, కుట్టు కుట్టుగా నమూనాలు చేయించడం పెద్ద ఖర్చు కాదు. కౌండిన్యను కట్టినవారికి పదిహేను వందల ఏళ్లనాటి బొమ్మ ఒక్కటే దక్కింది. తెలుగు తీరానికి ఇంకా మనుషులున్నారు. వారి తరం దాటితే మిగిలేది మళ్లీ బొమ్మే.