బరువు ట్రైలర్ లాగాలంటే గేర్ బండా, ఆటోమేటిక్కా?

గల్ఫ్‌కు ట్రైలర్ డ్రైవర్లుగా వెళ్లే యువకులకు, ఊళ్లో అప్పు చేసి సెకండ్ హ్యాండ్ బండి కొనే కుటుంబాలకు ఈ ప్రశ్న ఇప్పుడు తప్పడం లేదు. 'బరువు లాగాలంటే మాన్యువలే, ఆటోమేటిక్ సిటీలో తిరగడానికే' అన్న మాట రాయచోటి నుంచి రియాద్ దాకా వినిపిస్తుంది. ఒకప్పుడు అందులో నిజం ఉండేది. ఇప్పుడు చాలావరకు లేదు.

మన దగ్గర అమ్మే టయోటా ఫార్చ్యూనర్‌నే చూడండి. అదే 2.8 లీటర్ల డీజిల్ ఇంజిన్. మాన్యువల్‌లో టార్క్ 420 న్యూటన్ మీటర్లు, ఆటోమేటిక్‌లో 500. అంటే లాగే బలం ఆటోమేటిక్‌కే ఎక్కువ ఇచ్చారు. ఆస్ట్రేలియాలో హైలక్స్ పికప్‌కు 2020 ముందు మాన్యువల్ అయితే 3,500 కిలోలు, ఆటోమేటిక్ అయితే 3,200 కిలోలు లాగొచ్చని కంపెనీ చెప్పేది. 2020 మోడల్‌తో రెండూ సమానమయ్యాయి. అందుకే కొనేటప్పుడు నలుగురి మాట కన్నా, ఆ మోడల్‌కు, ఆ గేర్‌బాక్స్‌కు కంపెనీ పుస్తకంలో రాసిన లోడు చూసుకోవడం మేలు.

ఆటోమేటిక్ అన్న ఒక్క పేరు కింద రెండు వేర్వేరు రకాలున్నాయి. గందరగోళమంతా ఇక్కడే.

పికప్‌లు, ఎస్‌యూవీల్లో ఎక్కువగా ఉండేది టార్క్ కన్వర్టర్. ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందిస్తుంది. బండి కదిలే క్షణంలో ఆ బలాన్ని దాదాపు రెట్టింపు చేస్తుంది. హాఫ్ క్లచ్ మీద నిలబెట్టి కాల్చే ప్లేటు ఉండదు కాబట్టి చడావులో లోడుతో కదలడానికి ఇదే హాయి. దీని శత్రువు వేడి. ఎండలో బరువు లాగితే ఆయిల్ మాడుతుంది. ఆయిల్ కూలర్ లేని బండితో ట్రైలర్ జోలికి పోకపోవడమే మంచిది.

పెద్ద లారీల్లో వచ్చేది ఏఎమ్‌టీ. వోల్వో ఐ-షిఫ్ట్ 2001లో వచ్చింది. మెర్సిడెస్ యాక్ట్రోస్‌లోనూ ఇదే పద్ధతి. లోపల ఉండేది మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. కాలు, చెయ్యి చేసే పనిని కంప్యూటర్ చేస్తుంది, అంతే. పెడల్ లేదు కదా అని క్లచ్ లేదనుకునే వాళ్లే దాన్ని కాలుస్తారు. చడావులో బ్రేకు వదిలేసి ఎక్సలేటర్ మీద బండిని ఆపి ఉంచితే ప్లేటు పోతుంది. బ్రేకు తొక్కి ఉంచాలి, లేదా హిల్ హోల్డ్ వాడాలి.

మాన్యువల్‌కు మిగిలిన లాభాలు చిన్నవేం కావు. ధర తక్కువ, దారిలో ఏ మెకానిక్ అయినా విప్పగలడు. ఇసుకలో, బురదలో అనుభవమున్న డ్రైవర్‌కు పట్టు దొరుకుతుంది. కొత్త చేతికి మాత్రం ట్రాఫిక్‌లో రోజంతా క్లచ్ తొక్కడం బండికీ మోకాలికీ బరువే.

అసలు పరీక్ష దిగుడులో. నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్ లాంటి చోట, అభా కొండల్లో మాన్యువల్ బండి దిగుతూ గేర్ మార్చబోయి తప్పితే, బండి న్యూట్రల్‌లో ఉండిపోతుంది. వెనక నుంచి లోడు తోస్తుంది, మళ్లీ గేర్ పడదు, బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ప్రాణాలు పోయేది ఇలాగే. కాబట్టి దిగుడు మొదలవకముందే చిన్న గేర్ వేసేయాలి. ఆటోమేటిక్‌లోనూ డీ మీద వదిలేయకూడదు. మాన్యువల్ మోడ్‌లో గేర్ పట్టి ఉంచి ఎగ్జాస్ట్ బ్రేకు గానీ, రిటార్డర్ గానీ వాడాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగడం ఉత్త భ్రమ. ఇప్పటి ఇంజిన్లలో గేర్‌లో ఉండి ఎక్సలేటర్ వదిలితే డీజిల్ సరఫరానే ఆగిపోతుంది.

వెళ్లే దేశం లైసెన్సు నియమం కూడా ముందే కనుక్కోవాలి. దుబాయ్‌లో చిన్న వాహనాలకు ఆటోమేటిక్ మీద పరీక్ష పాసైతే మాన్యువల్ నడపనివ్వరు. అమెరికాలో ఆటోమేటిక్ లారీతో పరీక్ష ఇచ్చినవాళ్ల కమర్షియల్ లైసెన్సు మీద 'ఈ' అక్షరం పడుతుంది. మాన్యువల్ లారీ పని దొరికినా చేయలేరు.

పాత బండి కొనేటప్పుడు ఖాళీగా నడిపి చూసి సరేననకూడదు, లోడుతో చడావు ఎక్కించి చూడాలి. టార్క్ కన్వర్టర్ బండి అయితే గేర్‌బాక్స్ ఆయిల్ తీసి చూడండి: నల్లబడి మాడు వాసన వస్తే వదిలేయండి. ఏఎమ్‌టీ అయితే క్లచ్ ఎంత అరిగిందో షోరూమ్ వర్క్‌షాపులో స్కానర్ పెట్టించి చూపించుకున్నాకే బయానా ఇవ్వండి.