ల్యాప్‌టాప్ కొంటే చార్జర్ రాదా? యూరప్‌లో మొదలైన మార్పు ఖరగ్‌పూర్ దాకా వస్తే ఏమవుతుంది

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌కు రెండు గుర్తింపులున్నాయి. ఒకటి, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉన్న జంక్షన్, వర్క్‌షాప్. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగు కుటుంబాలు తరాల క్రితమే ఇక్కడికి వచ్చి స్థిరపడటానికి కారణం ఆ రైల్వే ఉద్యోగాలే. రెండోది, 1951లో మొదలైన దేశపు తొలి ఐఐటీ. తెలుగు రాష్ట్రాల నుంచి ఇక్కడికి చదువుకోవడానికి వచ్చేవారు కూడా ఎక్కువే.

రైల్వే క్వార్టర్‌లో ఉండే కుటుంబమైనా, ఐఐటీ హాస్టల్లో చేరే విద్యార్థి అయినా ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ధర, ర్యామ్, బ్యాటరీ గురించి అడుగుతారు. చార్జర్ ఉందా అని అడగరు. ఉంటుందనే అనుకుంటారు. భారత్‌లో ఇప్పటికైతే ఆ నమ్మకం సాధారణంగా వమ్ము కావడం లేదు. యూరప్‌లో మాత్రం పరిస్థితి మారింది.

యూరప్‌లో ఏం జరిగింది?

2025 అక్టోబరులో యాపిల్ సంస్థ ఎం5 చిప్‌తో 14 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోను ప్రకటించింది. యూరోపియన్ యూనియన్ దేశాల్లో, బ్రిటన్‌లో ఆ ల్యాప్‌టాప్‌తో పాటు పవర్ అడాప్టర్ ఇవ్వడం మానేసింది. పెట్టెలో చార్జింగ్ కేబుల్ ఉంటుంది కానీ, దాన్ని గోడ ప్లగ్గుకు కలిపే అడాప్టర్ ఉండదు. కావాలంటే విడిగా కొనుక్కోవాలి. అమెరికా, భారత్ వంటి చోట్ల అదే మోడల్‌తో అడాప్టర్ కొనసాగింది.

విడుదలైనప్పుడు బ్రిటన్‌లో ఈ మోడల్ ప్రారంభ ధర 1,599 పౌండ్లు. అడాప్టర్‌తో కలిపి అమ్మిన అంతకుముందటి మోడల్ ధర కూడా అంతే. అప్పట్లో విడిగా కొంటే 70 వాట్ల అడాప్టర్‌కు మరో 59 పౌండ్లు. పెట్టెలోంచి ఒక వస్తువును తీసేసినప్పుడు దాని విలువ మేరకు ధర తగ్గాలని ఏ నిబంధనా లేదు. ఈ మార్పులో కొనుగోలుదారుకు తగిలే మొదటి దెబ్బ ఇదే.

చట్టం చార్జర్ వద్దందా?

యూరప్ చట్టం చార్జర్లను నిషేధించిందనే ప్రచారం ఉంది. అది నిజం కాదు.

యూరోపియన్ యూనియన్ 2022 నవంబరులో 2022/2380 నంబరు ఆదేశాన్ని ఆమోదించింది. దీన్ని ఉమ్మడి చార్జర్ చట్టం అంటున్నారు. ఇందులో ప్రధానాంశాలు రెండు. మొదటిది, కేబుల్‌తో చార్జ్ అయ్యే పరికరాలకు యూఎస్‌బీ టైప్-సి పోర్టు ఉండాలి. ఫోన్లు, ట్యాబ్లెట్లు, కెమెరాలు వంటి వాటికి ఇది 2024 డిసెంబరు 28 నుంచి వర్తించింది. ల్యాప్‌టాప్‌లకు నిర్ణయించిన తేదీ 2026 ఏప్రిల్ 28.

రెండోది, చార్జర్‌తో కలిపి పరికరాన్ని అమ్మే కంపెనీ, చార్జర్ లేకుండా కొనే అవకాశం కూడా ఇవ్వాలి. పెట్టెలో చార్జర్ ఉందో లేదో తెలిపే బొమ్మ, ఎన్ని వాట్ల చార్జర్ కావాలో చెప్పే లేబుల్ కొనేవారికి కనిపించాలి.

అంటే చట్టం అడిగింది కొనేవారికి ఎంపిక. ఒకే ల్యాప్‌టాప్‌ను రెండు రకాల పెట్టెల్లో తయారు చేసి, నిల్వ చేసి, అమ్మడం కంపెనీకి అదనపు పని. చార్జర్ లేని పెట్టె ఒక్కటే అమ్మితే చట్టాన్ని పాటించినట్టే, ఖర్చు కూడా తగ్గుతుంది. కొనేవారి కోసం పెట్టిన ఎంపిక ఆచరణలో తయారీదారు ఎంపికగా మారడానికి దారి ఇక్కడే ఉంది.

ఫోన్ల అనుభవం ఏం చెబుతోంది?

ఈ దారి వేసింది ఫోన్లే. 2020 అక్టోబరులో ఐఫోన్ 12తో యాపిల్, 2021 జనవరిలో గెలాక్సీ ఎస్21తో శాంసంగ్ పెట్టెలోంచి చార్జర్‌ను తీసేశాయి. ప్రజల దగ్గర ఇప్పటికే చార్జర్లు ఉన్నాయని, పెట్టె చిన్నదైతే ఒకేసారి ఎక్కువ ఫోన్లు రవాణా చేయొచ్చని, కాలుష్యం తగ్గుతుందని కంపెనీలు వాదించాయి.

బ్రెజిల్ ఆ వాదనను ఒప్పుకోలేదు. 2022 సెప్టెంబరులో అక్కడి న్యాయ మంత్రిత్వశాఖ, చార్జర్ లేని ఐఫోన్‌ను అసంపూర్ణ వస్తువుగా చూస్తూ అమ్మకాలు ఆపాలని ఆదేశించింది. యాపిల్‌కు కోటీ 22 లక్షల రియాల్స్‌కు పైగా జరిమానా వేసింది. ఒకే వస్తువును ఒక ప్రభుత్వం పర్యావరణం వైపు నుంచి, మరో ప్రభుత్వం వినియోగదారు హక్కు వైపు నుంచి చూశాయి.

భారత్‌లో పరిస్థితి ఏంటి?

భారత్‌లో ఫోన్లకైనా, ల్యాప్‌టాప్‌లకైనా పెట్టెలో చార్జర్ పెట్టి తీరాలన్న ప్రత్యేక చట్టం లేదు. అందుకే చార్జర్ లేని ఫోన్లు ఇక్కడ కూడా ఏళ్లుగా అమ్ముడవుతున్నాయి.

పోర్టు విషయంలో కొంత కదలిక వచ్చింది. 2022 నవంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నిర్వహించిన సమావేశంలో ఫోన్లు, ట్యాబ్లెట్లు, ల్యాప్‌టాప్‌లకు టైప్-సి పోర్టు ఉండాలనే విషయంలో పరిశ్రమ ప్రతినిధులతో ఏకాభిప్రాయం కుదిరిందని ప్రభుత్వం ప్రకటించింది. 2023 జనవరిలో భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) టైప్-సి ప్రమాణాన్ని విడుదల చేసింది.

అమ్మే పద్ధతికి సంబంధించి పనికొచ్చే నిబంధన మరొకటుంది. 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజ్డ్ వస్తువుల నిబంధనల ప్రకారం, ఒకే ప్యాకేజీలో ఒకటికి మించి వస్తువులుంటే ఏవేవి ఎన్ని ఉన్నాయో పైన రాయాలి. పెట్టె వెనుక చిన్న అక్షరాల్లో ఉండే ఆ జాబితాలో ‘అడాప్టర్’ అనే మాట ఉందో లేదో చూసుకోవడం అలవాటు చేసుకోవాలి.

పోర్టు ఒకటే, పవర్ ఒకటి కాదు

ఇంట్లో టైప్-సి ఫోన్ చార్జర్ ఉందిగా, ల్యాప్‌టాప్‌కు అదే పెడితే సరిపోదా? ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే.

రైలు ఊరివాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి గుణుపురం వెళ్లే లైను ఒకప్పుడు రెండున్నర అడుగుల నారోగేజ్. హౌరా–చెన్నై బ్రాడ్‌గేజ్ మీద వచ్చినవాళ్లు నౌపడాలో దిగి బండి మారాలి. ఆ తర్వాత అది కూడా బ్రాడ్‌గేజ్ అయింది. అయితే గేజ్ ఒకటైనంత మాత్రాన ఏ ఇంజిన్ అయినా ఏ బండినైనా లాగలేదు. టైప్-సి పోర్టు గేజ్ లాంటిది. చార్జర్ వాట్లు ఇంజిన్ బలం లాంటివి.

సాధారణ ఆఫీసు ల్యాప్‌టాప్‌లకు 45 నుంచి 65 వాట్లు కావాలి. పెద్దవాటికి 100 వాట్ల దాకా అవసరం కావచ్చు. 20 వాట్ల ఫోన్ చార్జర్ పెడితే కొన్ని ల్యాప్‌టాప్‌లు అసలు తీసుకోవు. కొన్ని నెమ్మదిగా ఎక్కుతాయి. పని చేస్తుండగా బ్యాటరీ పెరగడానికి బదులు తగ్గుతుంది కూడా.

చార్జర్, ల్యాప్‌టాప్ ముందుగా ఒక ఒప్పందానికి వచ్చాకే ఎక్కువ వోల్టేజీ ప్రవహిస్తుంది. ఈ సంభాషణకు వాడే ఉమ్మడి భాష పేరు యూఎస్‌బీ పవర్ డెలివరీ, పొట్టిగా పీడీ. ఇందులో 5, 9, 15, 20 వోల్టుల మెట్లున్నాయి. ల్యాప్‌టాప్‌లకు ముఖ్యమైనది 20 వోల్టుల మెట్టు. 20 వోల్టుల దగ్గర 3.25 ఆంపియర్లు ఇస్తే 65 వాట్లు. మొదట 100 వాట్ల వరకే ఉన్న ఈ పరిమితిని 2021లో 240 వాట్లకు పెంచారు.

భారత మార్కెట్‌లో ఒక చిక్కుంది. అనేక ఫోన్ బ్రాండ్ల ఫాస్ట్ చార్జర్లు పీడీ భాషలో కాకుండా సొంత పద్ధతిలో మాట్లాడతాయి. పైన 80 వాట్లని రాసి ఉన్నా ఆ బలం ఆ బ్రాండ్ ఫోన్‌కే దక్కుతుంది. అదే చార్జర్‌ను ల్యాప్‌టాప్‌కు పెడితే అందులో చిన్న భాగమే అందొచ్చు.

కేబుల్ కూడా ముఖ్యమే. 60 వాట్లు దాటి కరెంటు తీసుకెళ్లాలంటే 5 ఆంపియర్లు తట్టుకునే, లోపల గుర్తింపు చిప్ ఉన్న కేబుల్ కావాలి. చార్జర్ 100 వాట్లదైనా కేబుల్ మామూలుదైతే 60 వాట్ల దగ్గరే ఆగిపోతుంది.

విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్‌ల సంగతి వేరు. వీటిలో కొన్నింటికి 240 వాట్లకు మించి కావాలి. వాటికి కంపెనీ ఇచ్చే బరువైన అడాప్టరే దిక్కు.

చెత్త తగ్గుతుందా?

చార్జర్ తీసేయడం వెనుక ఉన్న పర్యావరణ వాదన ఉత్త సాకు కాదు. వాడకుండా పారేసే చార్జర్ల వల్ల యూరప్‌లో ఏటా సుమారు 11,000 టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు వస్తున్నాయని యూరోపియన్ కమిషన్ అంచనా. అనవసర చార్జర్లు కొనడం మానితే ఏటా 25 కోట్ల యూరోల దాకా ఆదా అవుతుందనీ లెక్కగట్టింది. ప్రపంచవ్యాప్తంగా 2022లో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు రాగా, పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక తెలిపింది.

అయితే ఈ లెక్కలకు ఒక షరతుంది. కొనేవారి దగ్గర పనికొచ్చే చార్జర్ ముందే ఉండాలి. లేకపోతే ఆ చార్జర్ మరో పెట్టెలో, మరో రవాణాలో విడిగా ఇంటికి వస్తుంది. తగ్గాల్సిన చెత్త తగ్గకపోగా ప్యాకింగ్ పెరుగుతుంది.

మొదటి ల్యాప్‌టాప్ కొనే ఇంటికి ఏమవుతుంది?

యూరప్‌లో ఇంటికి మూడు నాలుగు టైప్-సి చార్జర్లు ఉండొచ్చు. ఖరగ్‌పూర్‌లోనో, పలాసలోనో, పార్వతీపురంలోనో మొదటిసారి ల్యాప్‌టాప్ కొంటున్న ఇంట్లో ఉండేది ఫోన్ చార్జరే. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ‘తరుణేర్ స్వప్న’ పథకం కింద ట్యాబ్ లేదా స్మార్ట్‌ఫోన్ కొనుక్కోవడానికి విద్యార్థులకు ఇచ్చేది 10,000 రూపాయలు. అంతటి బడ్జెట్‌లో చార్జర్‌కు అదనంగా వెయ్యి రూపాయలు పెట్టాలంటే పదో వంతు పోయినట్టే.

డబ్బు సరిపోనప్పుడు చేయి సహజంగా చవక చార్జర్ వైపు వెళ్తుంది. అసలు ప్రమాదం అక్కడే. కంపెనీ ఇచ్చిన చార్జర్ చెడిపోతే జవాబుదారీ కంపెనీది. బజారులో కొన్నది వేడెక్కి ల్యాప్‌టాప్ మదర్‌బోర్డును పాడుచేస్తే, వారంటీ వర్తించదని చెప్పే అవకాశం ఉంటుంది. చార్జర్‌తో పాటు దాని భద్రత బాధ్యత కూడా పెట్టెలోంచి బయటికొచ్చి కొనేవారి నెత్తిన పడుతుంది.

లాభపడేవారు లేకపోలేదు. ఇప్పటికే 65 వాట్ల మంచి పీడీ చార్జర్ ఉన్న విద్యార్థికి రెండో ల్యాప్‌టాప్‌తో మరో చార్జర్ అక్కర్లేదు. ఒకే చార్జర్‌తో ఫోన్, ట్యాబ్, ల్యాప్‌టాప్ నడుస్తాయి. హాస్టల్ నుంచి ఇంటికి వెళ్లేటప్పుడు సంచి బరువూ తగ్గుతుంది.

కొనేముందు చూడాల్సినవి

• పెట్టె మీది, వెబ్‌సైట్‌లోని వస్తువుల జాబితాలో అడాప్టర్, కేబుల్ రెండూ విడివిడిగా ఉన్నాయా? కేబుల్ ఉన్నంత మాత్రాన అడాప్టర్ ఉన్నట్టు కాదు.

• ల్యాప్‌టాప్‌కు ఎన్ని వాట్లు కావాలి? అంతకంటే ఎక్కువ వాట్ల పీడీ చార్జర్ పెట్టినా నష్టం లేదు. ల్యాప్‌టాప్ తనకు కావాల్సినంతే తీసుకుంటుంది. తక్కువైతేనే ఇబ్బంది.

• చార్జర్ మీద ‘అవుట్‌పుట్’ వరుసలో 20 వోల్టులు, దాని పక్కన ఎన్ని ఆంపియర్లో చూడాలి. రెండింటినీ గుణిస్తే అసలు వాట్లు తెలుస్తాయి. రెండు మూడు పోర్టులున్న చార్జర్లలో రాసిన మొత్తం అన్ని పోర్టులకూ పంచుతారని గుర్తుంచుకోవాలి.

• ‘ఇన్‌పుట్’ 100–240 వోల్టులని ఉండాలి. ఇళ్లలో 230 వోల్టులు వస్తే, చాలా రైలు బోగీల చార్జింగ్ పాయింట్లలో వచ్చేది 110 వోల్టులే. ఖరగ్‌పూర్ నుంచి విజయనగరం ప్రయాణంలో ఈ తేడా పనికొస్తుంది.

• ఐటీ పరికరాల అడాప్టర్లకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇంగ్లిష్ అక్షరం ‘ఆర్’, దాని తర్వాత ఎనిమిది అంకెలు చార్జర్ మీద ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోవచ్చు.

• యూరప్ లేదా బ్రిటన్‌లో చదువుకునేవారి చేత ల్యాప్‌టాప్ తెప్పించుకుంటుంటే, అందులో అడాప్టర్ ఉందో లేదో ముందే అడగాలి. ఉన్నా దాని ప్లగ్గు ఇక్కడి సాకెట్‌కు సరిపోకపోవచ్చు.

• పెట్టె మీద రాసింది లోపల లేకపోతే బిల్లుతో దుకాణాన్ని అడగాలి. అక్కడ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

ఈ మార్పు మంచిదా చెడ్డదా అన్నది మూడు విషయాలు తేలుస్తాయి. చార్జర్ కావాలో వద్దో నిర్ణయించేది కొనేవారేనా? వద్దన్నవారికి ధర తగ్గుతుందా? విడిగా కొనే చార్జర్ సురక్షితమైనదేనని గుర్తించే మార్గం అందరికీ తెలుసా? భారత్ పోర్టు ప్రమాణం గురించి ఇప్పటికే మాట్లాడింది. ఈ మూడింటి గురించి కూడా కంపెనీలు పెట్టె నుంచి చార్జర్‌ను తీసేయకముందే మాట్లాడుకోవడం మేలు.